పరగడుపున పరుగు

కాలవలు కట్టేసిన నెల తిరక్కుండానే మా చెల్లెలు భవానికి కడుపులో నొప్పి మొదలైంది.

ఏటా వేసవిలో మాకు కాలవలు కట్టేస్తారు. నీళ్ళు తీసేశాక నాలుగు రోజులు చేపలు పట్టేవాళ్ళ సందడి, ఆ తర్వాత బురద కంపు, ఆ పైన ఒండ్రుమట్టి ఎండిపోయి అడుగంతా గచ్చు చేసినట్టు గట్టిపడుతుంది. కొత్తపేట దగ్గర మా ఊరి పక్కన కాలవ చాలా దూరం వంపు లేకుండా సాగుతుంది. రెండు గట్ల మీదా కొబ్బరిచెట్ల నీడ. వేసవిలో కాలేజీ గ్రౌండును క్రికెట్ పోటీలవాళ్ళు ఆక్రమించుకుంటారు కాబట్టి, రిటైరైన డ్రిల్లు మాస్టారు కృపారావు గారు తన దగ్గర పరుగు నేర్చుకునే పిల్లల్ని ఆ ఎండిన కాలవలోకి దింపేవారు. ముగ్గుపిండితో గీతలు గీసి, ఈల ఊదేవారు. తెల్లారేసరికి అక్కడ కాళ్ళ చప్పుడే చప్పుడు.

మా ఇంట్లో బస్సు కోసం తప్ప ఎవరూ పరుగెత్తి ఎరగం. నేను మరీను. నాకు మామ్మ పేరు పెట్టారు, మాణిక్యం అని. పేరుతో పాటు ఆవిడ నడక కూడా వచ్చింది. కుట్టుమిషను ముందు కూర్చున్నానంటే ఇక లేవను. భవాని అలా కాదు. వంద మీటర్లు, రెండు వందల మీటర్లు, అంతకుమించి పరుగెత్తదు గానీ, ఆ లోపల దాన్ని అందుకున్న ఆడపిల్ల మా మండలంలో లేదు. ఆ ఏడు దాటితే జూనియర్ల పోటీలకు దాని వయసు చెల్లిపోతుంది. అమలాపురంలో జరిగే జిల్లా ఎంపికల్లో మొదటి ఇద్దరిలో ఉంటే రాష్ట్ర పోటీలకు పంపుతారని, అక్కడ నలుగురి కంట్లో పడితే చదువూ హాస్టలూ వాళ్ళే చూసుకునే అకాడమీలో సీటు వస్తుందని మాస్టారు చెప్పారు. రాకపోతే నర్సింగులో చేరిపొమ్మని మస్కట్ నుంచి నాన్న ఫోన్లో తేల్చేశాడు. భవాని సరేనంది. నర్సింగు మీద దానికి కోపమేమీ లేదు. పరుగంటే ప్రాణం, అంతే.

మొదటిసారి కడుపు తిరగబడడం నా కళ్ళముందే జరిగింది. మాస్టారి భార్యకి కుట్టిన జాకెట్లు ఇచ్చేసి వద్దామని గట్టు మీదకి వెళ్ళాను. భవాని రెండు వందలు పరుగెత్తి గీత దాటింది. దాటాక అందరిలా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడలేదు. పొట్ట పట్టుకుని ముందుకి వంగి, అలాగే మోకాళ్ళ మీద కూలబడి, పొద్దున్న తిన్న చద్దన్నమంతా కక్కుకుంది. మగపిల్లలు నవ్వారు. మాస్టారు నవ్వలేదు. దగ్గరికెళ్ళి ఏం తిన్నావు, ఎప్పుడు తిన్నావని అడిగారు. పెరుగేసుకుని చద్దన్నం, ఆవకాయ బద్ద, ఉల్లిపాయ, వచ్చేముందే తిన్నానంది భవాని.

ఆయన నన్ను కూడా కిందకి పిలిచి ఇద్దరికీ కలిపి చెప్పారు. దూరం పరుగెత్తేవాళ్ళు నిదానంగా పోతారు కాబట్టి కడుపు కొంత ఓర్చుకుంటుందట. పొట్టి పరుగులో ఒంట్లో ఉన్న బలమంతా ఒక్క ఊపులో కాళ్ళలోకి తోడేసుకుంటాం, నెత్తురంతా అటే పోతుంది, కడుపులో ఉన్నది అరిగే దారి లేక తిరగబడుతుందట. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. తప్పంతా ఆ తర్వాత చెప్పిన మందులో ఉంది.

"పొద్దున్న ఏం తినకుండా రామ్మా. కడుపు ఖాళీగా ఉంటే కాలు తేలిగ్గా లేస్తుంది. పరుగయ్యేక ఎంత కావాలంటే అంత తిను" అన్నారు.

మర్నాటి నుంచి భవాని పరగడుపున వెళ్ళడం మొదలుపెట్టింది. వాంతులు ఆగిపోయాయి. స్టాప్‌వాచీలో అంకె తగ్గింది. దాంతో మా ఇంట్లో మాస్టారి మాట వేదవాక్కైపోయింది. తెల్లారి లేచి నేను కాఫీ కలిపితే, ఆ వాసన తగలకుండా ముక్కు మూసుకుని గుమ్మం దాటేది. నాకు నవ్వొచ్చేది. నేనైతే కాఫీ లేకుండా వాకిలి కూడా ఊడవలేను.

కాలవ అడుగు గట్టిదనం మాత్రం దాని కాళ్ళకి పడలేదు. మోకాలి కింద ఎముక పొడవునా నొప్పి పట్టుకుంది. ఆ నొప్పి మాస్టారి దగ్గర పరుగెత్తే పిల్లలందరికీ ఉంది, అందరి దగ్గరా దానికి ఒకటే మందుంది. మందుల షాపులో కాలు నొప్పంటే చాలు, అట్టలోంచి చించి ఇచ్చే బిళ్ళ. గీత దగ్గర నిలబడేముందు ఒకటి వేసుకుంటారు. పోటీలు దగ్గరపడే కొద్దీ సాయంత్రం పరుక్కి ఇంకొకటి. భవాని సంచీ జేబులో ఆ అట్ట ఎప్పుడూ ఉండేది. మాస్టారు వద్దనలేదు. ఆయన రోజుల్లోనూ అవే వేసుకునేవారట.

తిని వేసుకోవే అని అమ్మ రెండుమూడు సార్లు చెప్పింది. తింటే పరుగెత్తలేనని, పరుగయ్యాక వేసుకుంటే ఇక దేనికని భవాని ఎదురడిగింది. అమ్మేమో పొద్దున్నే సంచీ తగిలించుకుని తన పనిమీద తను పోవాలి.

అమ్మ పేరు సూర్యకుమారి. మా ఊళ్ళో ఆశా వర్కరు. ఎవరికి ఎన్నో నెలో, ఎవరి పిల్లకి ఏ టీకా పడాలో, ఎవరికి బీపీ బిళ్ళలు అయిపోయాయో ఆవిడకి నోటికి ఉండేది. ఊరి ఆడవాళ్ళు డాక్టరు రాసిన మందు కూడా సూర్యకుమారికి చూపించి గానీ వేసుకునేవారు కాదు. కడుపుతో ఉన్నవాళ్ళకి ఎర్రటి ఐరన్ బిళ్ళలు ఇంటికి తీసుకెళ్ళి ఇచ్చేది. ఇచ్చి ఊరుకుంటే వాళ్ళు వేసుకోరు. వేసుకున్న రెండో రోజు దొడ్డికి నల్లగా వస్తుంది, హడలిపోయి బిళ్ళలు చూరులో దోపేస్తారు. అందుకని అమ్మ ప్రతి గుమ్మంలోనూ నిలబడి, నల్లగా వస్తే భయపడకండి, మందు పనిచేస్తున్నట్టే అని చెప్పేది. చెప్పీ చెప్పీ ఆ మాట ఆవిడకి ఊపిరి తీసుకున్నంత అలవాటైపోయింది. మేమిద్దరం దాన్ని ఆవిడ గొంతుతో అనుకరించి నవ్వుకునేవాళ్ళం. అమ్మ కూడా నవ్వేది.

మే నెల నడుమ భవాని కడుపు మళ్ళీ మొదలెట్టింది. ఈసారి వాంతి కాదు, మంట. రొమ్ము కింద వేలు పెట్టి ఇక్కడ, సరిగ్గా ఇక్కడ అని చూపించేది. పరుగెత్తుతుంటే అక్కడ ఎవరో గోరుతో గిల్లి పట్టుకున్నట్టు ఉంటుందట. తింటే కాసేపు తగ్గేది, ఖాళీగా ఉంటే రగిలేది. ఆ సంగతి అదే చెప్పింది. తింటే తగ్గే నొప్పిని తినకుండా తగ్గించాలని చూశాం మేమందరం.

ఇక చూడాలి వైద్యాలు. పక్కింటి ముత్యాలు పిన్ని వాము నలిపి నీళ్ళలో కాచి ఇచ్చింది. నేను జీలకర్ర వేయించి మజ్జిగలో కలిపాను. మాస్టారు లేత కొబ్బరిబొండాలు దింపించి పంపించారు. అమ్మ గులాబీ రంగు సిరప్ తెచ్చి మూతతో కొలిచి పోసింది. అది తాగితే గంటో రెండు గంటలో చల్లగా ఉండేది, భవాని మొహం తేటపడేది, మేం నిమ్మళించేవాళ్ళం. ముత్యాలు పిన్ని ఒకరోజు ఎండుమిరపకాయలతో దిష్టి కూడా తీసింది. భవాని అన్నిటికీ తలొగ్గింది. ఏ మందైనా సరే, ఎంపికల రోజుదాకా పరుగెత్తనిస్తే చాలన్నట్టు ఉండేది. ఒక్క పరీక్షకి మాత్రం ఒప్పుకోలేదు. కొత్తపేటలో డాక్టరుకి చూపిద్దాం పదమని నేనంటే, పరుగు మాన్పిస్తారేమోనని భయమేసి, అయ్యాక వెళ్దామక్కా అంది. అమ్మ కూడా, ఇంట్లో నేను లేనా అంది. అందులో గర్వం ఉంది, ప్రేమా ఉంది. దాన్ని రెండుగా విడదీయడం నావల్ల కాదు.

రోహిణి ఎండలు మొదలయ్యేసరికి స్టాప్‌వాచీలో అంకె పెరగసాగింది. మెట్లెక్కితే భవానికి రొప్పు వచ్చేది. పెదవులు తెల్లబడ్డాయి. ఒక మధ్యాహ్నం అమ్మ దాన్ని వెలుతురులోకి లాక్కెళ్ళి, కింది కంటిరెప్ప వేలితో కిందకి దించి చూసింది. నాలుక చాపమంది. గోళ్ళు చూసింది. రోజుకి ఎంతమందికి చూస్తుందో అదే వరసలో, అదే పొందికతో చూసింది.

"నెత్తురు లేదే నీకు. పరుగెక్కడి నుంచి వస్తాది?" అంది.

సంచీలోంచి ఐరన్ బిళ్ళలు తీసింది. బడిపిల్లలకి వారానికొకటిచ్చే నీలం బిళ్ళలు కాదు, కడుపుతో ఉన్నవాళ్ళకిచ్చే ఎర్రవి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అంది. భవాని ఎంత సంబరపడిందో. జబ్బు పేరు తెలిసింది, మందు ఇంట్లోనే ఉంది, ఇక బలం వచ్చేస్తుంది. ఆ సాయంత్రం పచ్చికొబ్బరి, బెల్లం కూడా తింది. నెత్తురు ఎందుకు తగ్గిందని మాత్రం ఎవరికీ తోచలేదు. ఆడపిల్లకి నెత్తురు తక్కువవడం మా వైపు ఆరా తీయాల్సిన సంగతి కాదు. అందరికీ తక్కువే.

వారం తిరిగాక ఒక మధ్యాహ్నం నేను మిషను మీద జాకెట్టుకి చేతులు అతుకుతున్నాను. అమ్మ గుమ్మంలో చాప మీద కూర్చుని, ఫోన్లో ఎవరెవరికి ఏమేం ఇచ్చిందో ఎక్కిస్తోంది. నెట్టు సరిగ్గా రాక విసుక్కుంటోంది. భవాని పెరట్లోంచి వచ్చి చేతులు తుడుచుకుంటూ స్తంభానికి ఆనుకుని నిలబడింది.

"అమ్మా, దొడ్డికి నల్లగా వస్తోందే" అంది.

"ఐరన్ బిళ్ళలు కదే. అంతే వస్తాది" అంది అమ్మ ఫోన్లోంచి తలెత్తకుండానే.

"బిళ్ళలెయ్యకముందు కూడా వచ్చింది. తారులాగా, జిగురుగా. వాసన కూడా ఏదోలా ఉంది."

అమ్మ తలెత్తి నవ్వింది. ఊరంతా తిరిగి చెప్పీ చెప్పీ వస్తాను, మా ఇంట్లోనూ చెప్పాలా, నల్లగా వస్తే భయపడకండి, మందు పనిచేస్తున్నట్టే, అంది తన మాటని తనే వెక్కిరించుకుంటూ. వేసవి వేడికి కూడా అలాగే ఉంటాది, మజ్జిగ ఎక్కువ తాగు అంది. భవాని కూడా నవ్వింది. ఫోన్లో నెట్టు వచ్చింది, అమ్మ మళ్ళీ తల దించుకుంది. నేను రెండో చెయ్యి అతకడం మొదలుపెట్టాను.

ఎంపికల రోజు అమ్మ సెలవు పెట్టుకుని మాతో వచ్చింది. కూతురు పరుగెత్తడం ఆవిడ అంతవరకు చూడలేదు. చూడాలని ఉన్నా పొద్దున్న పూట ఎప్పుడూ కుదరలేదు. బస్సులో భవాని పక్కన కూర్చుని, దాని జడ రెండుసార్లు విప్పి రెండుసార్లు వేసింది. మాస్టారు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, ఏమీ తినలేదుగా తల్లీ అని అడిగారు. లేదండి అంది భవాని. పొద్దుటి నుంచి దాని లోపలికి పోయినవి గుక్కెడు నీళ్ళు, ఐరన్ బిళ్ళ, నొప్పి బిళ్ళ, గులాబీ సిరప్.

అమలాపురం మైదానంలో నీడ లేదు. షామియానా కింద అధికారులు కూర్చున్నారు, మేమంతా ప్రహరీ గోడ వార నిలబడ్డాం. వంద మీటర్లలో భవాని నాలుగోదిగా వచ్చింది. నాలుగో స్థానం దానికి కొత్త. తిరిగొచ్చి గోడకి చేరబడి కూర్చుంది. చెమట పట్టాల్సిన ఎండలో దాని చేతులు చల్లగా ఉన్నాయి. మంటగా ఉందా అంటే తలూపింది. ఇంటికి పోదామే అన్నాను. నావైపు చూసిన చూపు ఎలా ఉందంటే మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అమ్మ సిరప్ పోసింది. మాస్టారు కాలికి గుడ్డ బిగించి కట్టారు. సంచీ జేబులోంచి అట్ట తీసి ఇంకో బిళ్ళ వేసుకుంది.

రెండు వందల మీటర్ల పరుగు ఎండ నడినెత్తికి వచ్చాక పెట్టారు. వంపులో భవాని వెనకబడింది. వంపు తిరిగి నిటారు బాటలోకి వచ్చాక ఏం చేసిందో, ఎక్కడి నుంచి తెచ్చుకుందో తెలీదు, ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చింది. పరుగెత్తుతుంటే మా చెల్లెలు ఎంత బాగుంటుందో ఆ రోజు దాకా నేను పట్టించుకోలేదు. అమ్మ నా భుజం పట్టుకుంది, ఆవిడ గోళ్ళు జాకెట్టులోంచి దిగుతున్నాయి. గీత దగ్గర రెండోదిగా ఛాతీ వంచింది. మాస్టారు రెండు వేళ్ళు ఎత్తి చూపిస్తూ మావైపు పరుగెత్తుకొచ్చారు. రెండో స్థానం. ఎంపికైంది.

భవాని కొన్ని అడుగులు నడిచి, మాకోసం గోడవైపు వెతికి, అమ్మని చూసి చెయ్యెత్తింది. ఆ చెయ్యి దించకముందే కూలిపోయింది. మేం చేరేసరికి పక్కకి తిరిగి కక్కుతోంది. నల్లగా, కాఫీ పొడి తడిసినట్టు. దాని వెనకాలే ఎర్రగా.

ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. నేను ఆశా వర్కర్నండి, దారివ్వండి, దారివ్వండి అంటూ అమ్మ అందరినీ తోసుకుంటూ వెళ్ళింది. దాంతో మమ్మల్ని వెంటనే లోపలికి పంపారు కూడా. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్నపిల్ల, భవాని కంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. నాడి చూసింది, పొట్ట నొక్కింది, సంచీలోంచి నేను తీసిచ్చిన అట్టలు చూసింది. నొప్పి బిళ్ళల అట్టని వెనకా ముందూ తిప్పి చూసి, ఇవి ఖాళీ కడుపు మీదేనా అని అడిగింది. లోపల పుండు పడింది, నెత్తురు పోతోంది, ఇవాళా నిన్నా కాదు, చాలా రోజులుగా కొంచెం కొంచెంగా పోతూ ఉండుంటుంది అంది. అప్పుడు భవాని మొహం మీదకి వంగింది.

"మోషన్ నల్లగా వస్తోందా అమ్మా? తారులాగా?"

"ఆయ్" అంది భవాని.

"ఎన్నాళ్ళ నుంచి?"

"చాలా రోజులయ్యిందండి."

"ఇంట్లో ఎవరికీ చెప్పలేదా? మీ అమ్మగారు ఆశా అంటున్నారు కదా, ఆవిడకైనా చెప్పొద్దూ?"

అమ్మ మంచం కాళ్ళవైపు ఇనప కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది. భవాని ఆవిడ వైపు చూసింది. ఎక్కువసేపేమీ చూడలేదు.

"సిగ్గేసి ఎవరికీ చెప్పలేదండి" అంది.

డాక్టరమ్మకి కోపం వచ్చింది. ఆడపిల్లలంతా ఇంతే, ప్రాణం మీదకి వచ్చేదాకా దాచుకుంటారు, రెండు వారాల ముందు చెప్పుంటే బిళ్ళలతో పోయేదానికి ఎంతదాకా తెచ్చుకున్నావో చూడు, అని మందలించింది. భవాని తిట్లన్నీ విని, తప్పైపోయిందండి అంది. అమ్మ నోరు తెరవడం నేను చూశాను. అంతలో నర్సు సెలైన్ స్టాండు తోసుకుంటూ మధ్యలోకి వచ్చింది, కాకినాడ తీసుకెళ్ళాలి, అంబులెన్సు వస్తోంది అన్నారు, అందరూ హడావిడిగా కదిలారు. ఆ హడావిడిలో అమ్మ నోరు మూసుకుంది.

అంబులెన్సులో నేను తల దగ్గర, అమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాం. యానాం వంతెన ఎక్కేటప్పటికి కిటికీలోంచి గోదారి గాలి తగిలింది. భవాని కళ్ళు తెరిచి, రాష్ట్ర పోటీలు ఎప్పుడన్నారక్కా అని అడిగింది. వచ్చే నెల్లో అన్నాను. నాకు నిజంగా తెలీదు. భవాని నా చెయ్యి లాగింది. దాని పెదవుల దగ్గర చెవి పెట్టాను.

"అమ్మనేం అనకక్కా" అంది.

నెమ్మదిగానే అంది, అయినా అమ్మకి వినబడే ఉంటుంది. ఆవిడ దుప్పటి మీంచి భవాని పాదాలు రెండూ పట్టుకుని ఉంది. వంతెన దిగేదాకా, దిగాక కూడా, కాకినాడ దాకా వదల్లేదు.

కాకినాడలో నెత్తురు ఎక్కించారు. ఒకవైపు ఎక్కిస్తుంటే ఇంకోవైపు పోతూనే ఉంది. ఆపరేషను చెయ్యాలన్నారు. బల్ల మీదకి తీసుకెళ్ళేలోపే, పొద్దు గూకకముందే భవాని పోయింది.

నాన్న వచ్చేదాకా ఉంచలేమన్నారు పెద్దలు. ఎండలు అలా ఉన్నాయి. మస్కట్ నుంచి వీడియో కాల్లో చూశాడు. ఫోను నేనే పట్టుకున్నాను. కాస్త కిందకి దించమ్మా, మొహం కనబడట్లేదు అన్నాడు. దించాను. అంతసేపూ ఆయన ఏడవలేదు. ఇంకాస్త, ఇంకాస్త అంటూనే ఉన్నాడు. చివరికి మా బాబాయి నా చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. కాలవలోకి నీళ్ళు వదిలారని ఆ రోజే ఎవరో అంటుంటే విన్నాను.

తర్వాత పరామర్శలు. మా ఇంటికి వచ్చినంతమంది ఊళ్ళో ఏ ఇంటికీ వచ్చి ఉండరు. అమ్మ పురుళ్ళకి తోడెళ్ళినవాళ్ళు, టీకాలు వేయించినవాళ్ళు, ఆవిడ చేతి బిళ్ళలు మింగినవాళ్ళు, అందరూ వచ్చారు. కృపారావు మాస్టారు వచ్చి వీధి అరుగు మీద కూలబడి, ఖాళీ కడుపుతో రమ్మన్నది నేనే కదమ్మా అని తల కొట్టుకున్నారు. ఆయన తన తప్పు తను చెప్పుకున్నారు. మిగిలినవాళ్ళు భవాని తప్పు చెప్పారు. ఆసుపత్రి మాట అప్పటికే ఊరంతా తిరిగింది. పిల్ల ఎవరికీ చెప్పుకోలేదట. కన్నతల్లికి కూడా చెప్పలేదట. సిగ్గుపడి ప్రాణం పోగొట్టుకుందట. వచ్చిన ప్రతి మనిషీ అమ్మ చెయ్యి పట్టుకుని ఇదే అనేది, అమ్మకి ఊరటగా ఉంటుందనే అనేది. తమ ఆడపిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, చూశావా, ఏదైనా ఉంటే అమ్మకి చెప్పాలి, భవానిలా చెయ్యకూడదు, అని బుద్ధులు కూడా చెప్పేవారు.

అమ్మ వినేది. కాఫీలు ఇచ్చేది, గ్లాసులు తీసేది. నాతో మాట్లాడేది కాదు, నేనూ మాట్లాడేదాన్ని కాదు. నాకు ఆవిడంటే కోపంగా ఉండేది. కోపం వచ్చినప్పుడల్లా అంబులెన్సులో భవాని లాగిన చెయ్యి గుర్తొచ్చి, ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. మిషను మీద పాత గుడ్డలు వేసి ఊరికే కుట్టుకుంటూ కూర్చునేదాన్ని.

నాన్న వచ్చిన మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లంతా ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. గుమ్మానికి అవతల కుర్చీలో నాన్న ఉన్నాడు. ముత్యాలు పిన్ని తాంబూలం నములుతూ, ఇదివరకు అందరూ అన్న మాటే మళ్ళీ ఎత్తుకుంది.

"తల్లి మందుల సంచీ తగిలించుకుని తిరుగుతుంటే, కడుపులో మాట బయటపెట్టలేదంటే ఎంత మొండిపిల్లమ్మా."

అమ్మ గ్లాసులు సర్దుతోంది. సర్దడం ఆపి, పళ్ళెం నేల మీద పెట్టింది.

"చెప్పిందండి" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. ఏంటి సూర్యకుమారీ అంది పిన్ని.

"నాకు చెప్పింది. నల్లగా వస్తోందని చెప్పింది. తారులా ఉందని చెప్పింది. ఏం కాదన్నాను. నవ్వేను."

అందరూ ఒకేసారి అమ్మ చుట్టూ మూగారు. ఎవరో వీపు నిమిరారు. ఎవరో మంచినీళ్ళు తెచ్చారు. కన్నకడుపు కదా, తన మీదే వేసుకుంటోంది, అన్నారు. నిద్రలేక అలా అంటోందన్నారు. గుమ్మంలోంచి నాన్న కూడా, ఊరుకో కుమారీ, ఊరుకో అన్నాడు. అమ్మ మళ్ళీ చెప్పింది. వాళ్ళు మళ్ళీ ఊరుకోబెట్టారు. ఆవిడ మాటే మందుగా మింగిన ఊరు, ఈ ఒక్క మాట మాత్రం నమ్మలేదు.

అమ్మ వాళ్ళ చేతులు తోసుకుని నావైపు తిరిగింది.

"నువ్వున్నావుగా. చెప్పు" అంది.

అందరూ నన్ను చూశారు. నాన్న కుర్చీలోంచి లేచి గుమ్మంలోకి వచ్చాడు. నేను తల అడ్డంగా ఊపితే చాలు. అమ్మ పెద్దరికం ఊళ్ళో అమ్మకి ఉంటుంది, నాన్నకి పెళ్ళాం మిగులుతుంది, పోయేముందు భవాని నన్ను అడిగిన ఒక్కటీ చెల్లుతుంది. భవాని అదే కోరుకుంది. కానీ అమ్మ కోరేది అది కాదు. ఎదురుగా నిలబడి, నేను నోరు విప్పకపోతే ఇక ఎప్పటికీ విప్పేవాళ్ళుండరని తెలిసిన మనిషిలా చూస్తోంది.

"చెప్పిందండి" అన్నాను. "నా ఎదురుగానే చెప్పింది."

పిన్ని నోట్లో తాంబూలం నమలడం ఆగిపోయింది. అమ్మ వీపు మీద ఉన్న చేతులు ఒకటొకటిగా వెనక్కిపోయాయి. నాన్న గుమ్మం పట్టుకుని అమ్మనే చూస్తున్నాడు. అమ్మ ఆయన వైపు చూడలేదు. చెంగుతో మొహం తుడుచుకుని అందరికీ వినబడేలా అంది.

"విన్నారు కదండీ. ఇంక నా పిల్లని మొండిదనకండి."